నరహరి గోపాలకృష్ణమ చెట్టి

నరహరి గోపాలకృష్ణమ చెట్టి పందొమ్మిదవ శతాబ్దికి చెందిన తెలుగు రచయిత, రెవెన్యూ అధికారి. ఇతని పేరును గోపాలకృష్ణమ శెట్టి అని కూడా వ్రాస్తారు. 1872లో వెలువడిన శ్రీరంగరాజ చరిత్రము అనే వచన కథ ఇతని రచన. సోనాబాయి పరిణయము అనేది దీని మరో పేరు. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము కంటే ఇది ఆరేళ్ళు ముందుది. అందువలన తెలుగులో తొలి నవల ఏది అన్న చర్చ వచ్చినప్పుడల్లా గోపాలకృష్ణమ చెట్టి పేరు ముందుకు వస్తుంది. కర్నూలు జిల్లాలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన ఇతడు 1886లో ఆంగ్లంలో కర్నూలు జిల్లా మాన్యువల్‌ను కూడా సంకలనం చేశాడు. సాహిత్య చరిత్రకారులు మొదటి పుస్తకం కోసమూ, ప్రాంతీయ చరిత్రకారులు రెండవ పుస్తకం కోసమూ ఇతనిని తలచుకుంటారు. ఈ రెండు పనులూ చేసినది ఒక్కడే అన్న సంగతి మాత్రం ఇరువర్గాల పాఠకులలోనూ చాలామంది గమనించరు.

ఉద్యోగ జీవితం

ఆనాడు జిల్లా పాలనలో కలెక్టరు పదవి సాధారణంగా ఆంగ్లేయులదే. భారతీయ ఉద్యోగి రెవెన్యూ శాఖలో చేరుకోగలిగిన ఉన్నతస్థానం ఎక్కువ సందర్భాలలో డిప్యూటీ కలెక్టరు పదవితో ఆగిపోయేది. జమాబందీ, శిస్తు వసూలు, సరిహద్దు తగవులు, గ్రామాధికారుల లెక్కల తనిఖీ వంటి పనులతో ఈ అధికారులు సంవత్సరంలో చాలాకాలం గుడారాలలో గడిపేవారు. రైతు, కరణం, రెడ్డి, సాహుకారు, సంచారజాతివాడు అందరూ ఏదో ఒక అర్జీతో వీరి ఎదుటికి వచ్చినవారే. ఊరూరా తిరిగి జనుల ఆచారవ్యవహారాలను దగ్గరగా చూసే అవకాశం పండితులకంటే ఇటువంటి ఉద్యోగులకే హెచ్చుగా ఉండేది.

ఇతడు పనిచేసిన కర్నూలు జిల్లా అప్పటికి కొత్తది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఈస్టిండియా కంపెనీ పదవీచ్యుతుని చేసి ఆ సంస్థానాన్ని స్వాధీనం చేసుకొన్నది. 1858లో ఆ ప్రాంతానికి కడప జిల్లా నుంచి కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల తాలూకాలనూ, బళ్ళారి జిల్లా నుంచి పత్తికొండ తాలూకానూ కలిపి జిల్లాగా ఏర్పరిచారు. తూర్పున నల్లమల అడవులు, నడుమ కుందూ లోయలోని నల్లరేగడి, పడమట హంద్రీ పరీవాహకంలోని మెట్టభూములు. హంద్రీ దాపున కర్నూలు నుంచి బళ్ళారికి పోయే దారిలో ఉన్న కోడుమూరు ఈ పడమటి భాగంలోనిదే. ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేవి. అవి 1953లో గాని కర్నూలులో కలియలేదు. కనుక ఆ కాలానికి కోడుమూరు, పత్తికొండ ప్రాంతం జిల్లాకు పడమటి అంచు. పత్తికొండలోనే 1827 జూలై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరాతో మరణించాడు.

శ్రీరంగరాజ చరిత్రము

ఈ రచనకు ప్రేరణ ఒక ప్రభుత్వ ప్రకటన. లార్డ్ మేయో వైస్రాయిగా ఉన్న కాలంలో, బెంగాల్ ప్రజల ఆచారవ్యవహారాలను కథారూపంలో తెలిపే పుస్తకానికి బహుమానం ఇస్తామని ఒక ప్రకటన గెజెట్‌లో వెలువడింది. అది తెలుగువారికి ఉద్దేశించినది కాదు. అయినా అటువంటి పుస్తకం తెలుగులోనూ ఉండదగినదని భావించి గోపాలకృష్ణమ చెట్టి ఈ కథను రచించాడు. లార్డ్ మేయో 1872 ఫిబ్రవరి 8న అండమాన్ దీవులలోని పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ఖైదీ చేతిలో హతుడైనాడు. రంగరాజ చరిత్రము వెలువడినది ఆ సంవత్సరమే.

ఇటువంటి ప్రోత్సాహం దేశంలో ఇదొక్కటే కాదు. వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వం ఇచ్చిన బహుమతి ఫలితంగానే డిప్యూటీ నజీర్ అహమ్మద్ 1869లో రచించిన మిరాతుల్ ఉరూస్ ఉర్దూ పాఠకులలో ప్రచారం పొందింది. దుర్గేశనందిని (1865) రచించిన బంకించంద్ర ఛటర్జీ డిప్యూటీ మేజిస్ట్రేటు, డిప్యూటీ కలెక్టరు. తమిళంలో ప్రతాప ముదలియార్ చరిత్రము (1879) వ్రాసిన మాయూరం వేదనాయకం పిళ్ళై మున్సిఫు. మలయాళంలో ఇందులేఖ (1889) వ్రాసిన చందు మేనన్ కూడా న్యాయశాఖ ఉద్యోగియే. భారతీయ భాషలలో తొలి నవలలు ఇందరు సర్కారు ఉద్యోగుల చేతుల మీదుగా పుట్టడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ఆంగ్ల నవలలు చదివే అలవాటు, జనంతో నిత్యసంబంధం రెండూ కలిసి ఉన్నది ఆ వర్గానికే.

అప్పటికి తెలుగులో నవల అన్న మాట వాడుకలో లేదు. గోపాలకృష్ణమ చెట్టి తన పుస్తకాన్ని నవీన ప్రబంధంగా పేర్కొన్నాడు. వీరేశలింగం తన కథను వచన ప్రబంధం అన్నాడు. నవల అన్న పేరు స్థిరపడినది రాజశేఖర చరిత్రముపై కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి విమర్శ తరువాత.

ఇతివృత్తం

రంగరాజు రాజవంశానికి చెందిన యువకుడు. అతడు సోనాబాయి అనే లంబాడీ కన్యను చూచి ప్రేమిస్తాడు. కులం, వంశగౌరవం వారి పెండ్లికి అడ్డు. రంగరాజు ప్రేమను వదులుకోలేడు, లోకం ఆ ప్రేమను ఒప్పుకోదు. చివరకు సోనాబాయి పుట్టుకచేత లంబాడీ పిల్ల కాదనీ, పసితనంలో తనవారికి దూరమై తండాలో పెరిగిన క్షత్రియ కన్య అనీ బయటపడుతుంది. అడ్డంకి తొలగి వివాహం జరుగుతుంది.

కథ ఇంత చిన్నదే. కాని దీనిలో రెండు దారాలు కలిసి నడుస్తాయి. ఒకటి ప్రేమ, రెండవది రహస్యం. ఈ ఇద్దరూ ఏకమవుతారా అన్నది మొదటి ప్రశ్న. ఈ పిల్ల ఎవరు అన్నది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నకు సమాధానం రెండవ ప్రశ్నలో దాగి ఉంది. తరువాతి కాలంలో రైలు ప్రయాణాలలోను, అద్దె పుస్తకాల దుకాణాలలోను వేల సంఖ్యలో చేతులు మారిన ప్రేమ, ఉత్కంఠ కలిసిన నవలలన్నిటికీ పునాది ఈ అల్లికయే. నాయిక పుట్టుక రహస్యం చివరి పుటలలో విప్పే పద్ధతి తెలుగు నవలలలోను, చలనచిత్రాలలోను ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం కష్టం. తెలుగు దీర్ఘ వచనకథ ఈ పద్ధతితోనే మొదలైంది.

పూర్వరంగం

రహస్యంతో కథ నడపడం తెలుగువారికి ఆంగ్ల నవల నేర్పిన విద్య కాదు. పదహారవ శతాబ్దిలో పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయము ఇందుకు గొప్ప నిదర్శనం. పాత్రల అసలు స్వరూపాలు, పూర్వజన్మ వృత్తాంతాలు ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోయే ఆ కావ్యాన్ని సూరన నంద్యాల ప్రభువు కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. అంటే కథాసంవిధానంలో ఉత్కంఠకు పేరుపొందిన పద్యకావ్యమూ, తొలి వచన ప్రణయకథకు కర్తయైన అధికారి పనిచేసిన చోటూ ఒకే ప్రాంతానికి చెందుతాయి. కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారములో కళాపూర్ణోదయ కథాకల్పనను ఎంతో మెచ్చుకున్నాడు. ఆధునికులలో అనేకులు దానిని పద్యనవల అనడానికి కూడా వెనుకాడలేదు. జానపదులలో బాలనాగమ్మ కథ, మదనకామరాజు కథలు ఎప్పటినుంచో ఉన్నవే. అపహరణకు గురైన స్త్రీ, అజ్ఞాతంగా పెరిగిన బిడ్డ, ఆనవాలు చూచి గుర్తుపట్టడం వంటివి శ్రోతలకు బాగా తెలిసిన అంశాలు.

కొత్తదనం మరొకచోట ఉంది. కళాపూర్ణోదయములో రహస్యానికి మూలం శాపాలు, వరాలు, జన్మాంతరాలు. రంగరాజ చరిత్రములో రహస్యానికి మూలం కులం. పాఠకుడు తన ఊరి పొలిమేరలో రోజూ చూసే తండాలోకి ఆ రహస్యం వచ్చి కూర్చున్నది. ఇంకొక మార్పు చదివే తీరులోనిది. పద్యకావ్యాన్ని ఒకరు రాగయుక్తంగా చదివితే మరొకరు అర్థం చెప్పేవారు, పదిమంది కూర్చుని వినేవారు. పద్యం పద్యానికీ ఆగి రసం ఆస్వాదించడమే అక్కడి పద్ధతి. వచన కథలో ఆగవలసిన పని లేదు. తరువాత ఏమైందన్న ఆత్రమే పుటలు తిప్పిస్తుంది. ఒంటరిగా, మౌనంగా, వేగంగా చదవడం అనే అలవాటుకు తెలుగులో దారి వేసిన తొలి పుస్తకాలలో దీనిని చేర్చాలి. పండితులు చాలాకాలం నవలను చిన్నచూపు చూడడానికి ఈ వేగమే ఒక కారణం. వేగంగా చదివించేది మంచి సాహిత్యం కాజాలదన్న అభిప్రాయం నేటికీ పూర్తిగా పోలేదు. అది సరియైన కొలమానం కాదు.

సోనాబాయి, లంబాడీలు

లంబాడీలను రాయలసీమలో సుగాలీలు అంటారు. బంజారాలు అన్నది మరొక పేరు. వీరి భాష ఇండో ఆర్య కుటుంబానికి చెందినది. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దేశమంతటా తిరగడం వీరి వృత్తి. దక్కనులో నడిచిన సైన్యాలకు తిండిగింజలు చేరవేసినది వీరే. టిప్పు సుల్తానుపై 1791-92లో కారన్‌వాలిస్ సాగించిన దండయాత్రలో ఆంగ్లేయ సైన్యం సైతం వీరి ఎద్దుల బారుల మీద ఆధారపడింది.

రంగరాజ చరిత్రము వెలువడేనాటికి ఆ వృత్తి కూలిపోతున్నది. మద్రాసు నుంచి గుత్తి, ఆదోనిల మీదుగా రాయచూరుకు రైలుమార్గం 1871లో పూర్తయింది. ఎద్దు మోసే బరువును బండి మోయసాగింది. ఉపాధి పోయిన సంచారజాతులను సర్కారు అనుమానంతో చూడడం మొదలుపెట్టింది. మొదటి నేరస్థ తెగల చట్టం ఉత్తర భారతంలో వచ్చినది కూడా 1871లోనే. మద్రాసు రాజధానికి ఆ చట్టం 1911లో విస్తరించింది, స్వాతంత్ర్యానంతరం 1952లో రద్దయింది. పిల్లలను ఎత్తుకుపోతారన్న నింద సంచారజాతులపై మన దేశంలోనూ, ఐరోపాలోనూ ఉన్నదే. సోనాబాయి కథ ఆ నిందను ఆధారం చేసుకొనే నిలబడింది. ఈ లోపాన్ని దాచవలసిన పని లేదు.

ఇక్కడే ఈ కథలోని అసలు చిక్కు ఉన్నది. ఒక రాజకుమారుడు లంబాడీ పిల్లను ప్రేమించడాన్ని 1872లో ఒక గౌరవనీయుడైన రెవెన్యూ అధికారి సానుభూతితో వ్రాయడం చిన్న విషయం కాదు. పుస్తకంలో చాలా భాగం వరకు పాఠకుడు ఆమెను లంబాడీగానే ఎరుగును, లంబాడీగానే ఆమె పక్షం వహిస్తాడు. వారి పెండ్లి జరగాలని కోరుకుంటాడు. అంతవరకు తెచ్చిన తరువాత రచయిత ఆమెను క్షత్రియ కన్యగా మార్చి లోకాన్ని ఒప్పిస్తాడు. రహస్యభేదనం ప్రేమను గెలిపించింది, కులాన్నీ గెలిపించింది. దీనిని ధైర్యలోపం అన్నవారూ ఉన్నారు, ఆ కాలానికి అంతకు మించి సాధ్యం కాదన్నవారూ ఉన్నారు. రెండూ నిజమే కావచ్చును. అయితే చివరి పుటలో మారినది సోనాబాయి కులం మాత్రమే. అంతకు ముందు పాఠకుని మనసులో కలిగిన కోరికను ఏ ఆనవాలూ వెనుకకు తీసుకొనలేదు.

సుగాలీలను ఆంధ్ర ప్రాంతంలో 1956 నుంచి షెడ్యూల్డు తెగగా గుర్తించారు. తెలంగాణలోని లంబాడాలకు ఆ గుర్తింపు 1976 నాటి సవరణ చట్టంతో వచ్చింది. నల్లమల అంచునను, పత్తికొండ ప్రాంతంలోను సుగాలీ తండాలు నేటికీ ఉన్నవి.

తొలి నవల గురించిన చర్చ

తెలుగులో తొలి నవల అన్న గౌరవానికి మూడు పుస్తకాల పేర్లు వినిపిస్తాయి. కొక్కొండ వేంకటరత్నం పంతులు 1867లో ప్రారంభించిన మహాశ్వేత మొదటిది. అది బాణభట్టుని కాదంబరిని అనుసరించినది కాబట్టి స్వతంత్ర రచనగా ఎక్కువమంది అంగీకరించరు. రెండవది శ్రీరంగరాజ చరిత్రము. మూడవది 1878లో వివేకవర్ధనిలో ప్రారంభమైన వీరేశలింగం రాజశేఖర చరిత్రము. దీనికి ఆలివర్ గోల్డ్‌స్మిత్ రచించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ (1766) ప్రేరణ. 1887లో ఇది ఆంగ్లంలోకి అనువాదమైంది.

వీరేశలింగం తనదే తొలి వచన ప్రబంధమని భావించాడు. ఆయన ప్రభావం, శిష్యగణం, పత్రికలు గొప్పవి. రాజశేఖర చరిత్రము తరతరాలుగా పాఠ్యగ్రంథంగా నిలిచింది. గోపాలకృష్ణమ చెట్టికి పత్రిక లేదు, శిష్యులు లేరు. సాహిత్య కేంద్రమైన రాజమహేంద్రవరానికి దూరంగా ఉన్న జిల్లా ఉద్యోగి. అందువలన అతని పుస్తకం చాలాకాలం మరుగున పడిపోయింది. నవలా సాహిత్యంపై విశ్వవిద్యాలయ పరిశోధనలు మొదలైన తరువాత మొదలి నాగభూషణశర్మ, అక్కిరాజు రమాపతిరావు వంటివారి కృషివల్ల ఈ చర్చ తిరిగి సాగింది.

కాలక్రమాన్ని బట్టి చూస్తే శ్రీరంగరాజ చరిత్రమే ముందు. శిల్పాన్ని, ప్రభావాన్ని బట్టి చూస్తే రాజశేఖర చరిత్రముది పైచేయి. ఈ రెండు కొలతలను కలిపివేయడంతోనే వాదాలు పెరిగాయి. వీరేశలింగం కథలో కుటుంబం, మూఢాచారాలు, నీతి ప్రధానం. గోపాలకృష్ణమ చెట్టి కథలో ప్రణయం, రహస్యం ప్రధానం. ఒకటి సంస్కరణ నవలకు, మరొకటి కాలక్షేప నవలకు తొలి అడుగు అనుకుంటే తగవు చాలావరకు తీరుతుంది.

కర్నూలు మాన్యువల్

మద్రాసు ప్రభుత్వం పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో జిల్లాల వారీగా మాన్యువళ్ళను వ్రాయించింది. మధుర జిల్లాకు నెల్సన్ (1868), బళ్ళారికి కెల్సాల్ (1872), కడపకు గ్రిబుల్ (1875), గోదావరికి మోరిస్ (1878), కృష్ణాకు మెకంజీ (1883) వ్రాశారు. వీరందరూ ఆంగ్లేయులు. ఆ పని భారతీయునికి దక్కడం అరుదు. తంజావూరు మాన్యువల్‌ను 1883లో వెంకాసామిరావు వ్రాశాడు. కర్నూలు మాన్యువల్‌ను గోపాలకృష్ణమ చెట్టి సంకలనం చేయగా 1886లో మద్రాసులో ప్రభుత్వ ముద్రణాలయం ప్రచురించింది. అప్పటికి ఇతడు కర్నూలులో జనరల్ డ్యూటీ డిప్యూటీ కలెక్టరు.

మాన్యువల్ తయారైన కాలం జిల్లాకు గడ్డుకాలం. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు జిల్లాను మిక్కిలి దెబ్బతీసింది. 1871లో 9,14,432గా ఉన్న జిల్లా జనాభా 1881 జనాభా లెక్కలనాటికి 6,78,551కి పడిపోయింది. అంటే నాలుగోవంతు పైచిలుకు జనం లేకుండా పోయారు. తుంగభద్రపై సుంకేశుల ఆనకట్ట నుంచి తవ్విన కర్నూలు, కడప కాలువను నష్టాలలో ఉన్న మద్రాసు ఇరిగేషన్ కంపెనీ నుంచి ప్రభుత్వం 1882లో కొనుగోలు చేసింది. నల్లరేగడి రైతులు కాలువ నీటికి ముందుకు రాకపోవడం ఆ నష్టాలకు ఒక కారణం. హంద్రీ ప్రాంతపు మెట్ట రైతుకు ఆ నీరు ఎలాగూ అందేది కాదు.

జిల్లాలోని కులాలు, తెగల గురించి ఈ పుస్తకం ఇచ్చిన సమాచారం తరువాతి రచయితలకు ఆకరమైంది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలలో కర్నూలు మాన్యువల్‌ను పలుచోట్ల ఆధారం చేసుకొన్నాడు, ముఖ్యంగా నల్లమల చెంచుల విషయంలో. బహుమాన ప్రకటన చూచి జనుల ఆచారాలను కథగా వ్రాసిన మనిషి, పద్నాలుగేళ్ళ తరువాత అదే రకమైన విషయాన్ని ప్రభుత్వ నివేదికగా వ్రాశాడు. మొదటిదానిలో ఊహకు చోటు ఉంది, రెండవదానిలో లేదు. పనికివచ్చిన పుస్తకంగా రెండవది నిలిచింది, మొదటిది అరుదైపోయింది.

తరువాతి పరిణామం

1890లలో న్యాపతి సుబ్బారావు నడిపిన చింతామణి పత్రిక నవలల పోటీలు పెట్టింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం రామచంద్ర విజయము అక్కడ బహుమతి పొందినదే. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో పాంచకడీ దేవ్ వంటి బెంగాలీ రచయితల అపరాధ పరిశోధక నవలలు తెలుగులోకి వచ్చాయి. తరువాత వేయికి పైగా నవలలు వ్రాసిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు, డిటెక్టివ్ యుగంధర్ పాత్రను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు వంటివారు చిన్న ఊళ్ళకు సైతం నవలా పఠనాన్ని తీసుకుపోయారు. కొవ్వలి కథలలో ప్రణయం ముందుంటే, కొమ్మూరి కథలలో రహస్యం ముందున్నది. గోపాలకృష్ణమ చెట్టి కలిపి అల్లిన రెండు దారాలు వీరివద్ద విడివిడిగా పెరిగి, 1970ల తరువాతి వారపత్రికల ధారావాహికలలో మళ్ళీ ముడిపడ్డాయి. ఆ ధారావాహికలలో నాయిక పుట్టుక రహస్యం మాత్రం సాధారణంగా ఆస్తి తగాదాగా ఉంటుంది, కులం పేరు ఎత్తరు.